రచయిత పోయాక 60 ఏళ్ల కాపీరైట్ మరీ ఎక్కువ కాదా?

జడ్చర్ల డీటీపీ:
అచ్చంపేట దిక్కు ఒక పంతులు కట్టిన భజన కీర్తనల పుస్తకం మా తాత పెట్టెలో దొరికింది. ఆ పంతులు 1979లో పోయారు. కుట్టు ఊడిపోయింది, పేజీ తిప్పితే మూలలు పొడిగా రాలుతున్నాయి. 200 కాపీలు వేసి భజన మండలికి ఉత్తగనే ఇద్దామనుకుంటే ప్రెస్ వాళ్లు పంతులు వారసుల పర్మిషన్ లెటర్ తెమ్మన్నారు. నలుగురు కొడుకుల్లో ఇద్దరు లేరు, మూడో ఆయన ఫోన్ ఎత్తడు, మనవడొకడు ముప్పై వేలిస్తే సంతకం పెడతానన్నాడు. పోయాక 20 ఏళ్లు చాలని నా అభిప్రాయం.

నల్లగొండ వకీల్:
60 ఏళ్లు పోయిన తేదీ నుంచి లెక్కపెట్టరు, మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. మీ పంతులు గారి హక్కు 2039 చివరి దాకా ఉంటుంది.

మూసీ ఒడ్డు:
అప్పటిదాకా ఆ కాగితం ఆగదు సార్.

దేవరకొండ ఆడబిడ్డ:
20 చాలని అనడం తేలిక. మా నాయన 1994లో పోయారు. 2017లో ఆయన కథ ఒకటి సంకలనంలో వేసుకుని 8 వేలు ఇచ్చారు, అవి మా అమ్మ కంటి ఆపరేషన్‌కు పనికొచ్చాయి. మీ లెక్కన ఆ హక్కు 2014కే పోయేది.

పాలమూరు చదువరి:
1957 కాపీరైట్ చట్టంలో మొదట ఉన్నది 50 ఏళ్లే. ఠాగూర్ 1941లో పోయారు, 1991తో ఆయన పెట్టిన విశ్వభారతి చేతిలోని హక్కులు అయిపోతుంటే అప్పుడు 60కి పెంచారు. ఒక్క సంస్థ రాబడి కోసం దేశంలోని పుస్తకాలన్నిటికీ ఇంకో పదేళ్లు తాళం వేసినట్టయింది. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం అడిగేది కూడా కనీసం 50 ఏళ్లే కాబట్టి 20 కుదరదు గానీ 50కి దించవచ్చు. మన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, పాత లెక్క ఉంటే 2004 నుంచే ఎవరైనా వేసుకునేవాళ్లు, 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

నల్లగొండ వకీల్:
2014 జనవరి 1 అని రాయండి. ఇంకొకటి, వారసులు దొరక్కపోతే సెక్షన్ 31ఎ కింద కమర్షియల్ కోర్టులో లైసెన్సు అడగవచ్చు. ముందు దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లీష్ దినపత్రికలో ప్రకటన వేయాలి.

జడ్చర్ల డీటీపీ:
ఆ ప్రకటన ఖర్చుకే నా 200 కాపీలు అచ్చవుతాయి సార్. అక్కా, మీకు 8 వేలు వచ్చాయి, సంతోషం. ఎంతమందికి వస్తాయి? ఈ మనవడు ఆ పుస్తకం ముఖం కూడా చూడలేదు. కీర్తన ఒక్కటి పాడమనండి!

దేవరకొండ ఆడబిడ్డ:
నన్ను ఆ మనవడి గాటన కట్టకండి. నాయన రాత్రిళ్లు కందిలి పెట్టుకుని రాస్తుంటే పక్కన కూర్చుని శుభ్రప్రతి రాసిన దాన్ని నేను. ఆరేళ్ల కింద ఒక సావనీర్‌లో ఆయన పద్యాలు ఆరు వేశారు, ఎక్కడా పేరు లేదు, కింద ‘సేకరణ’ అని ఇంకొకాయన పేరుంది. అడిగితే ‘పాత పద్యాలే కదమ్మా’ అన్నారు. హక్కు ఉన్నప్పుడే ఇట్లా చేస్తే, లేనప్పుడు ఎవరు లెక్కచేస్తారు?

నల్లగొండ వకీల్:
అమ్మా, పేరు వేయించుకునే హక్కు వేరు, అది సెక్షన్ 57. 2012 సవరణ తర్వాత పేరు కోసం వారసులు కూడా అడగవచ్చు, 60 ఏళ్ల గడువు ఆ సెక్షన్‌లో రాసి లేదు.

దేవరకొండ ఆడబిడ్డ:
ఆ రోజు ఈ మాట చెప్పినవాళ్లు ఒక్కరు లేరు. నాకు 60 అయినా 50 అయినా ఒకటే సార్, నాయన పేరు తీసేయొద్దు.

జడ్చర్ల డీటీపీ:
అక్కా, పంతులు పేరు నేను ఎందుకు తీస్తాను? ప్రతి కీర్తన చివరి చరణంలో ఆయన పేరే ముద్రగా ఉంది, అది తీస్తే పాటే సాగదు. నా బాధంతా ఆ సంతకం కోసమే.

నల్లగొండ వకీల్:
మనవడొక్కడి సంతకంతో కాదు. హక్కు ఎంతమందికి వచ్చిందో అందరూ పెట్టాలి.

మూసీ ఒడ్డు:
అన్నా, ముందు ఒక్కో పేజీ ఫోటో తీసి పెట్టుకో. వానాకాలం వస్తోంది.

దేవరకొండ ఆడబిడ్డ:
ఆ మూడో కొడుకుది ఏ ఊరో నాకు విడిగా చెప్పు తమ్ముడూ. అచ్చంపేటలో మా చిన్నమ్మ ఉంటుంది, ఫోన్ ఎత్తకుంటే ఇంటికే పోయి అడుగుతుంది. వాళ్లు ఎంతో కొంత అడిగితే మాత్రం అది తప్పని నేను అనను.