వైకల్యం ఉన్న పాపని క్యాంపుకి తీసుకెళ్లాలి, ఫారం దగ్గర ఆగిపోయాను. సాయం చేయండి

వైట్‌ఫీల్డ్ వాలంటీర్
నమస్కారం. మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఏటా డిసెంబర్‌లో ఒక రాత్రి బయట క్యాంపుకి తీసుకెళ్తాం. ఈసారి వైకల్యం ఉన్న ఒక పాప పేరిచ్చింది. సాయంత్రం నుంచి అనుమతి ఫారం ముందేసుకుని కూర్చున్నాను, ఒక్క లైను కూడా కదలడం లేదు. నెట్‌లో దొరికినవన్నీ అమెరికా ఫారాలే, అందులో సగం మనకి పనికిరావు. మా కమిటీలో ఇద్దరు 'రిస్క్ ఎందుకు, పగలంతా ఉండి చీకటి పడేలోపు ఇంటికి వెళ్లిపోమందాం' అంటున్నారు. నాకది అస్సలు నచ్చలేదు. ఎవరి దగ్గరైనా రెడీగా ఫారం ఉంటే పెట్టండి ప్లీజ్. రేపు రాత్రిలోగా పంపాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

కొండదారి
ఏం వైకల్యం? ఎక్కడ క్యాంపు?

మల్లేశ్వరం లాయర్
ఫారం సంగతి తర్వాత అమ్మా. ముందు మీ కమిటీ చేత 2016 వికలాంగుల హక్కుల చట్టం చదివించండి. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు 21. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్ చెబుతోంది. ఆటల్లో పాల్గొనే అవకాశం గురించి 30వ సెక్షన్ విడిగా ఉంది. వికలాంగుల హక్కుల మీద ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనూ 30వ అధికరణంలోనే ఆటలు, వినోదం వస్తాయి. దాన్ని మనం 2007లోనే ఆమోదించాం. పిల్లని సాయంత్రం ఇంటికి పంపేయడం దయ చూపడం కాదు, మిగతావాళ్లకి దక్కేది తనకి దక్కకుండా చేయడం. ఈ మాట మీ కమిటీకి రాతపూర్వకంగా పంపండి.

నమస్తే బెంగళూరు
వైకల్యం, వికలాంగులు అనకండి దయచేసి. దివ్యాంగులు అనాలి. ప్రభుత్వమే ఆ మాట వాడుతోంది.

హెబ్బాళ్ అక్క
మా తమ్ముడికి చూపు లేదు. దివ్యాంగుడు అంటే వాడికి చిరాకు. 'నాకేం దివ్యశక్తులు లేవు, బస్‌స్టాప్‌లో బస్సు నంబర్ చదివి చెప్తే చాలు' అంటాడు. లాయర్ గారు కూడా చట్టం పేరు చెప్తూ వికలాంగులనే అన్నారు కదా.

నమస్తే బెంగళూరు
గౌరవం కోసం అన్నానండి. మీ తమ్ముడి ఇష్టం వేరు, అందరి ఇష్టం వేరు.

కొండదారి
ఇంకా ఏం వైకల్యమో చెప్పలేదు.

వైట్‌ఫీల్డ్ వాలంటీర్
అవన్నీ ఫారంలో వస్తాయి కదా అని రాయలేదండి. తొమ్మిదో తరగతి. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు కష్టమవుతాయి. వాకర్‌తో నడుస్తుంది, కాళ్లకి ఊతంగా కట్టే స్ప్లింట్లు ఉంటాయి. మాట నెమ్మదిగా వస్తుంది గానీ తెలివైన పిల్ల. ఫిట్స్‌కి మాత్రలు వాడుతోంది, ఈ మధ్య రాలేదని వాళ్లమ్మ చెప్పింది. క్యాంపు బెంగళూరు బయట రామనగర దగ్గర. టెంట్లు, తాడుతో రాళ్లెక్కడం, చెరువులో తెప్ప, రాత్రి చలిమంట.

జయనగర్ ఫిజియో
మేడం, ఇప్పుడు చెప్పడం కుదురుతుంది. నేను ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తాను.

రోగం పేరుతో ఫారం మొదలుపెట్టకండి. మీరు చేయించే ఒక్కో పని రాసి, దాని పక్కన 'నువ్వు ఎలా చేస్తావు, ఎవరి సాయం కావాలి' అని ఖాళీ వదలండి. జవాబు పాపే చెప్పాలి, అమ్మ తర్వాత చెప్పొచ్చు. మాట నెమ్మది అన్నారు కాబట్టి, తను వాక్యం పూర్తిచేసేదాకా ఆగమని మీ వాలంటీర్లకి చెప్పండి. మధ్యలో అందుకుని పూర్తిచేయొద్దు.

ఫిట్స్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. నిద్ర తగ్గితే, మాత్ర తప్పితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. క్యాంపులో జరిగేవి సరిగ్గా ఆ రెండే. కాబట్టి చలిమంట కబుర్లు అందరికీ కలిపి త్వరగా ముగించండి. తన ఒక్కదాన్నే పడుకోమనకండి, అలా చేస్తే ఆ పిల్ల మళ్లీ ఏ క్యాంపుకీ రాదు. మాత్రలు రెండు సెట్లుగా ఇద్దరు పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, టైము చూడాలి. చేతులు కాళ్లు గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ జరగదు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్ రాసి ఉంటే అది ఎవరు కొట్టాలో ముందే తేల్చుకోండి. క్యాంపు చోట ఫోన్ సిగ్నల్ అందుతుందో లేదో ఒకరు వెళ్లి చూసి రావాలి.

రామనగర వైపు డిసెంబర్ తెల్లవారుజామున చలికి కండరాలు బిగుసుకుంటాయి. పొద్దున్నే హడావిడి పెట్టకండి. స్ప్లింట్లు తీసినప్పుడు చర్మం ఎర్రగా కందిందేమో చూసుకోమనండి.

కొండదారి
రాళ్లెక్కడం కుదురుతుంది. మామూలు నడుము హార్నెస్ (తాడు తగిలించే బెల్టు) వద్దు, ఛాతీ కూడా పట్టే ఫుల్ బాడీ హార్నెస్ అడగండి. ఒళ్లు వదిలేసినా తలకిందులు కాదు. తాడు పైనుంచి ఉండాలి. డాక్టర్ దగ్గర కాగితం తీసుకోండి. తెప్ప మీద లైఫ్ జాకెట్‌తో పాటు చేతికందే దూరంలో ఈత వచ్చిన పెద్ద మనిషి.

పక్షులు మా ప్రాణం
రామనగరలో ఎక్కడ? అక్కడి రామదేవర బెట్ట అనే కొండ రాబందుల అభయారణ్యం. అక్కడి కొండరాళ్ల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెడతాయి, డిసెంబర్ వాటి గూళ్ల కాలం. పశువులకి వాడే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్న కళేబరాలు తిని దేశమంతా రాబందులు చచ్చిపోయాయి, 2006లో పశువులకి ఆ మందు వాడకం నిషేధించారు. మిగిలినవి ఇలాంటి చోట్లే ఉన్నాయి. స్పీకర్లు పెట్టి అరిపించకండి పిల్లలతో.

వైట్‌ఫీల్డ్ వాలంటీర్
ఆ కొండకి దూరమేనండి, ప్రైవేటు తోట.

హెబ్బాళ్ అక్క
అసలు సంగతి ఎవరూ అడగలేదు. బాత్‌రూం. 'వెస్టర్న్ ఉందా' అంటే క్యాంపు వాళ్లు ఉందనే చెప్తారు. గుమ్మం వెడల్పు, మెట్టు, గోడకి పట్టుకునే కడ్డీ ఫోటోలు తీసి పంపమనండి. వాకర్ వెడల్పు టేపుతో కొలిచి పోల్చండి. ఇబ్బందిగా ఉంటుందని ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగడం మానేస్తారు. కింద పడకుండా కూర్చునే కమోడ్ కుర్చీ అద్దెకి దొరుకుతుంది, తన టెంటు దానికి దగ్గర్లో వేయండి. టెంటులో మంచం ఉంటే లేవడం తేలిక. సాయానికి ఒకే ఫ్రెండ్‌ని కట్టేయకండి. ఆ అమ్మాయి కూడా ఆడుకోవాలి కదా.

నమస్తే బెంగళూరు
అక్కా, గౌరవం గురించి నేనన్నది మీరు తప్పుగా తీసుకున్నారు.

మల్లేశ్వరం లాయర్
'ఏం జరిగినా మాది బాధ్యత కాదు' అనే వాక్యం పాప ఫారంలో మాత్రమే పెట్టకండి. పెడితే అందరి ఫారాల్లోనూ ఒకటే ఉండాలి.

వైట్‌ఫీల్డ్ వాలంటీర్
పాపకి ఫోన్ చేశాను. తెప్ప వద్దట, రాయి మాత్రం ఎక్కి తీరుతానంది. రాత్రి ఉంటానంది. ఫారం రాసేస్తున్నా. థాంక్స్ అందరికీ.

జయనగర్ ఫిజియో
మంచిది మేడం. మీరు మాట్లాడిన బస్సుకి మెట్లు ఎంత ఎత్తున్నాయి?