డిష్‌వాషర్‌లో గ్లాసుల మీద తెల్లటి పొర పోవట్లేదు, ఏం చేయాలి?

కొంతకాలంగా మా డిష్‌వాషర్‌లో గ్లాసులు మసకగా వస్తున్నాయి. పై అరలోని కప్పుల అడుగున సన్నటి ఇసుకలాంటిది కూడా మిగులుతోంది. కింది అరలో గిన్నెలు మాత్రం బాగానే ఉంటున్నాయి, అదే అర్థం కావట్లేదు.

ఫిల్టర్ విప్పి బ్రష్‌తో కడిగాను. నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లో ఇరుక్కున్నది టూత్‌పిక్‌తో తీశాను. రిన్స్ ఎయిడ్ (గిన్నెల మీద నీటి మరకలు పడకుండా పోసే ద్రవం) నిండుగానే ఉంది. ఒక గ్లాసును వెనిగర్‌లో నానబెడితే పొర పోయింది కాబట్టి గాజు అరిగిపోలేదు, అది నీళ్లలోని సున్నమేనని నా అనుమానం. మావి బాగా కాఠిన్యం ఉన్న నీళ్లు (హార్డ్ వాటర్, అంటే సున్నం ఎక్కువ). అయినా సాఫ్ట్‌నర్ (నీళ్లలోని సున్నం తీసే భాగం) కోసం మెషిన్‌లో పోసిన ఉప్పు అసలు తగ్గినట్టే లేదు! నీటి కాఠిన్యం సెట్టింగ్ తక్కువలో ఉంటే ఇలా అవుతుందా? పెంచితే చాలా, లేక సాఫ్ట్‌నర్ భాగమే పాడైందా? ఎలా తెలుసుకోవాలి?

ఇంకోటి, లోపల పేరుకున్న సున్నానికి సిట్రిక్ యాసిడ్ వేసి ఖాళీగా వేడి నీళ్ల సైకిల్ తిప్పమంటున్నారు. దానివల్ల తలుపు రబ్బరుకు ఏమైనా అవుతుందేమోనని టెన్షన్. ఎంత వేయాలి, ఎన్నాళ్లకోసారి చేయాలి? వాడి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్. మెకానిక్‌ని పిలిచేది ఆ తర్వాతే.