సమస్యాపూరణం: "వాగు డాపనట్టి పాప మౌని"

ఇచ్చిన పాదమే నాలుగోదిగా మిగతా మూడు పాదాలూ మీరు అల్లాలి. వాగుడాపని పాప మౌని ఎలా అవుతుంది? ఆ విరోధాన్ని విడదీయడమే పూరణ. ఈ వారం సమస్య:

వాగు డాపనట్టి పాప మౌని

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే, అంటే రెండు మూడు అక్షరాల చిన్న గుంపులు. 'వా'కు నాలుగో గణం మొదట ఉన్న 'పా'తో యతి (పాదం మొదటి అక్షరానికి కుదరాల్సిన పొంతన). ప ఫ బ భ లకు వకారంతో మైత్రి ఉంది కదా. పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. విషయం ప్రయాణం: ఒంటరిగా వెళ్లడం, లేదా కబుర్ల పోగు లాంటి చిన్నపిల్లను వెంటబెట్టుకుని వెళ్లడం.

ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాను. ఏళ్ల తరబడి నేను ఒంటరిగానే తిరిగాను. ఒక పుస్తకం, ఒక సంచి, కిటికీ పక్క సీటు, అంతే. మొన్న ఆరేళ్ల మేనకోడలిని నాతో పంపారు. రైలు కదిలింది మొదలు ప్రశ్నలే. చెట్లు వెనక్కి ఎందుకు పోతున్నాయి, దూరంగా ఉన్న కొండ ఎందుకు పోవట్లేదు, చందమామ మన వెంటే ఎందుకొస్తున్నాడు? పుస్తకం సంచిలోంచి బయటికే రాలేదు.

---

మొదటి పూరణ (అక్కయ్యగారు పంపినది)

ఒంటి పయన మందు నూరకుండదు మది
పాత తగవు దలచి పలుకుచుండు
పాప వాగుచుండ పలుకదు నామది
వాగు డాపనట్టి పాప మౌని

*నేను:* అక్కయ్యగారూ, భావం నా మనసులో ఉన్నదే. ఒంటరిగా కూర్చుంటే నిశ్శబ్దం దొరుకుతుందనుకుంటాం. దొరికేది ఎప్పుడో పదేళ్ల నాటి మాటపట్టింపు. గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి. 'ఒంటి'కి 'ఊరకుండదు'లోని ఊకారంతో స్వరయతి (అచ్చుల మధ్య యతి) చెల్లింది. చిక్కు ఒక్కటే: మూడో పాదం దాకా మౌనం వహించింది మీ మది. నాలుగో పాదానికి వచ్చేసరికి పాప మౌని అయిపోయింది. ఎలా అయింది? ఆ వంతెన లేదు. 'పాప', 'పలుకు' కూడా రెండేసి సార్లు వచ్చాయి.

*అక్కయ్య:* నిజమే. మూడో పాదం ఇలా మార్చాను:

దాని నోరు మూసి తానొక గురువయ్యె

*నేను:* ఇప్పుడు కుదిరింది. మౌనం నేర్పింది గనక గురువు, గురువు గనక మౌని. ద–త యతి కూడా చక్కగా పడింది.

---

రెండో పూరణ

రైలులోన ప్రశ్న రాల్చెడి దెవ్వరు?
గుహను నొంటిగాను కూరుచున్న
వాని పేరదేమి? వరుస జవాబులు
వాగు డాపనట్టి పాప, మౌని

*నేను:* క్రమాలంకారం. రెండు ప్రశ్నలకు నాలుగో పాదంలో వరుసగా రెండు జవాబులు. అవధానాల్లో కష్టమైన సమస్య పడితే చాలామంది పట్టుకునే దారి ఇదే. 'జవాబులు' అన్యదేశ్యమే (పరభాషా పదమే) అయినా అతకలేదు. పద్యంలో తప్పు లేదు. కానీ పాపను ఒక చోట, మౌనిని ఒక చోట కూర్చోబెట్టారు. వాళ్లిద్దరూ ఒకే బండి ఎక్కలేదు.

---

*ఒక సభ్యురాలు:* చిన్నపిల్ల మాటల్ని 'వాగుడు' అనడం మోటుగా లేదా? 'కబుర్లు' అనవచ్చు కదా.

*నేను:* మోటుదే, ఒప్పుకుంటాను. కానీ బయల్దేరేటప్పుడు నా నోట వచ్చిన మాట అదే, అందుకే పాదంలో ఉంచాను. 'వసపిట్టను వెంటేసుకుని ఎక్కడికి పోను' అన్నాను ఇంట్లో. ఆ మాట పూరణలో కరగాలనే నా కోరిక.

---

మూడో పూరణ (కొత్తగా చేరిన తమ్ముడు పంపినది, రాసిన మొదటి పద్యం అట)

ఎదుటి తాత నడిగె నెచటికంచు నతడు
బదులు చెప్పేవరకు కదల లేదు
వినెడు వేళ జూడ వేడుక యది యేమొ
వాగు డాపనట్టి పాప మౌని

*నేను:* తమ్ముడూ, మొదటి పద్యంలోనే ఇంత దూరం వచ్చావు! రెండో పాదం రెండో గణం చూడు. 'చెప్పే' రెండు గురువులు (నిడివిగా పలికే అక్షరాలు; పొట్టివి లఘువులు). సూర్యగణాలు రెండే రెండు: మూడు లఘువుల నగణం, గురువు లఘువుల గలం. 'చెప్పే' ఈ రెండింటిలోనూ ఇమడదు. మాట్లాడేటప్పుడు 'చెప్పే' అని సాగదీస్తాం, పద్యంలోకి కూడా అదే జారిపోతుంది. ఇలా అంటే సరి:

బదులు చెప్పు దాక కదల లేదు

'బదులు – కదల' ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసే యతి) తెలిసి వేశావో, చెవి నడిపించిందో గాని, సరిగ్గా పడింది. రెండింటికీ మొదటి అక్షరం లఘువే, రెండో అక్షరం దకారమే.

ఇక భావం. నేను గమనించనిదాన్ని నువ్వు పట్టావు. ప్రశ్న అడిగాక పిల్ల ఊరుకుంటుంది, జవాబు వింటుంది. మా బండిలో ఎదురు సీటు పెద్దాయనను 'తాతా, మీరు ఎక్కడ దిగుతారు?' అని అడిగి, ఆయన చెబుతున్నంతసేపూ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆయన నోటివైపే చూస్తూ కూర్చుంది. నేనొక్కణ్ణే వెళ్లి ఉంటే ఆయన చేతికర్ర నా కాలికి తగలకుండా పక్కకు జరిగేవాణ్ణి, అంతే.

---

నాలుగో పూరణ

మనసె పాప, యొంటి మజిలీల తిరుగాడ
మొదటి నాడు రొదలు ముసురు కొనెను
మూడు నాళ్ల పిదప మొరలన్ని యణగారె
వాగు డాపనట్టి పాప మౌని

*పంపిన బాబాయిగారు:* ఒంటరి ప్రయాణాన్ని మీరంతా తక్కువ చేస్తున్నారనిపించి రాశాను. మొదటి రోజు మనసు గోల పెడుతుంది, నిజమే. ఆ రోజే తిరిగి వచ్చేస్తే మిగిలేది గోలే. మూడో రోజుకు అడగడం మానేస్తుంది. అప్పుడు నడుస్తుంటే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిల్ల వెంట ఉంటే ఆకలి దానిదే, నిద్ర దానిదే, ఆగే చోటూ దానిదే.

*నేను:* బాబాయిగారూ, ఈ పూరణకు నేను లొంగిపోయాను. పాపను మనసుగా మార్చి విరోధాన్ని మూలంలోనే తీసేశారు. మొదటి పాదంలోనే 'మనసె పాప' అని తేల్చేయడం వల్ల నాలుగో పాదం దగ్గర తడబాటు లేదు. అక్కయ్యగారి మదీ మీ మనసూ ఒకటే. అక్కడ పాప గంటలో నోరు మూయించింది, ఇక్కడ దానంతట అది అణగడానికి మూడు రోజులు పట్టింది.

*అక్కయ్య:* మూడు రోజులు ఒంటరిగా తిరిగే వీలు అందరికీ ఉండదు బాబాయిగారూ. నాకు ఎప్పుడూ లేదు. అందుకే పాప దగ్గరికి పోయాను.

*బాబాయిగారు:* ఆ మాట నాకు తట్టలేదమ్మా.

---

అయిదో పూరణ

కిటికి లోంచి తొలుత కెరటాలు గనినంత
ప్రశ్న సగము లోనె పలుకు నిలిచె
చేయి పట్టుకొనెను చిత్తరువైపోయె
వాగు డాపనట్టి పాప, మౌని!

*నేను:* ఇందులో మాటల విరుపు లేదు, క్రమం లేదు, రూపకం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, విరోధం దానంతట అదే విడిపోయింది. 'ప్రశ్న సగములోనె' అన్న చోట నా చెవిలో ఆ గొంతు ఆగిపోయింది. 'చిత్తరువైపోయె' అన్నాక 'మౌని' అవసరమా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ చిత్తరువు కదలదు, మౌని చూస్తుంది. రెండూ కావాలి. ఈ వారం నా ఓటు దీనికే.

---

*తమ్ముడు:* మరి మీ పూరణ? చందమామ ప్రశ్నకు ఏం చెప్పారు?

*నేను:* తెలిసింది చెప్పాను. దగ్గరి చెట్టు మన పక్కనే ఉంది గనక మనం కదిలితే అది ఉన్న దిక్కు గబుక్కున మారిపోతుంది. కొండ దూరం గనక మెల్లగా మారుతుంది. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, మన రైలు పోయే దూరం ఆయనకు ఒక లెక్క కాదు. అందుకే ఎంత పోయినా అదే కిటికీ మూలలో ఉంటాడు, వెంట వస్తున్నట్టే ఉంటాడు. అది విని, గాజు మీద ఊపిరి ఊది, ఆ మసకలో వేలితో ఒక గుండ్రం గీసి, 'అయితే మనం దిగాక కూడా ఇక్కడే ఉంటాడా?' అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా తల నా మీదికి వాలింది. అప్పుడు రాసుకున్న పద్యం ఇది:

వెనుక కేల చెట్లు? వెన్నెల దొర యేల
వెంట వచ్చు? ననుచు వేయి యడిగి
నిదుర పోయె నొడిని, నేనింక నొంటరి
వాగు డాపనట్టి పాప మౌని

*బాబాయిగారు:* 'నేనింక నొంటరి' దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత పుస్తకం తీశారా?

*నేను:* లేదు బాబాయిగారూ. సంచి దాని తల కింద ఉంది.