మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు: ఎంత గుడ్డ, ఏ రంగులు?

ప్రశ్న: బెజవాడ వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్‌లో గుడ్డ తీసుకుని కుట్టించుకుందామనుకుంటున్నాను. ఇంటర్వ్యూలకీ ఆఫీసుకీ పనికిరావాలి. ఎన్ని మీటర్లు కొనాలండీ?

జవాబు: చొక్కాలు తెలుపు, లేత నీలం, సన్న నీలి చారలు. ప్యాంట్లు నేవీ బ్లూ, ముదురు బూడిద. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది, ఆరు జతలవుతాయి. నలుపు తర్వాత చూసుకోవచ్చు. ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 36 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) అయితే రెండుంపావు మీటర్లు, 58 అయితే 1.6. ప్యాంటుకి 58 పన్నాలో 1.3. కాటన్‌ని కుట్టించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయండి. లేదంటే మొదటి ఉతుక్కే కాలర్ బిగుసుకుపోతుంది. మన ఎండలకి పాలిస్టర్ ఎక్కువున్న గుడ్డ వద్దే వద్దు, చెమట పీల్చదు.

ఇంకో జవాబు: అసలు సంగతి ట్రయల్‌లో ఉంది. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. అది జారితే చెయ్యి మొత్తం విప్పాల్సిందే. కాలర్ బొత్తాం పెట్టాక రెండు వేళ్లు దూరాలి. ప్యాంటు పొడవు వేసుకునే బూట్లతోనే చూసుకోండి. వెనక నడుం కుట్టులో అంగుళంన్నర గుడ్డ వదలమనండి, ఒళ్లు వస్తే పనికొస్తుంది. కాలర్‌లో నాసిరకం ఫ్యూజింగ్ (గట్టిగా నిలవడానికి లోపల అంటించే గుడ్డ) వేస్తే ఉతికాక బుడగలు లేస్తాయి, ఇస్త్రీకి పోవు.

ప్రశ్న: మరి పెళ్లిళ్లకి?

జవాబు: మంగళగిరి చేనేత కాటన్‌తో ఒక లాల్చీ, అంచు పంచె. లాల్చీకి గంజి పలచగా పెట్టండి, చిక్కనైతే మడతల దగ్గర తెల్లచారలు పడతాయి.