పదహారేళ్ల పిల్లలు గర్భస్రావ వ్యతిరేక ప్రదర్శనలకు వెళ్లడం సబబేనా?

ఫెయిర్‌ఫాక్స్ నాన్న:
పదకొండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ ఏడాది బడిలోని ప్రో-లైఫ్ (గర్భస్రావ వ్యతిరేక) క్లబ్బులో చేరింది. జనవరిలో వాషింగ్టన్‌లో జరిగే ‘మార్చ్ ఫర్ లైఫ్’కు స్నేహితురాలి చర్చి బస్సులో వెళ్తానని, సంతకం పెట్టమని అడుగుతోంది. 1974లో మొదలైన ఈ ప్రదర్శనకు క్యాథలిక్ బడుల నుంచి పిల్లలు బస్సుల కొద్దీ వస్తారు. అబార్షన్‌ను హక్కుగా గుర్తిస్తూ రో కేసులో 1973లో వచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2022లో కొట్టివేశాక కూడా ప్రదర్శన ఆగలేదు, ఎందుకంటే పోరు రాష్ట్రాల చట్టసభలకు మారింది. మిడిల్, హైస్కూలు పిల్లలు ఏడాదికొక రోజు పౌర కార్యక్రమాల కోసం సెలవు తీసుకునే వీలును మా వర్జీనియాలో 2021 నాటి చట్టం కల్పించింది కనుక బడి వైపు నుంచి అడ్డేమీ లేదు. అడ్డంతా నా మనసులోనే ఉంది. గుంటూరులో మేము పెరిగిన రోజుల్లో అబార్షన్ అనేది ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునే మాటే తప్ప వీధిలో ప్లకార్డు పట్టుకునే విషయం కాదు. అమ్మాయి అభిప్రాయంతో నాకు పేచీ లేదని చెప్పను. అయితే ఇక్కడ అడుగుతున్నది వేరు: ఈ వయసులో అది తన అభిప్రాయమేనని, బస్సు ఎక్కించేవారిది కాదని తెలుసుకోవడం ఎలా?

డల్లాస్ నర్సు:
పంపవద్దనే నా సలహా. నేను ప్రసూతి వార్డులో పనిచేస్తాను. తల్లి ప్రాణానికో, ముఖ్యమైన అవయవానికో గండం ఉంటే తప్ప మా టెక్సస్ రాష్ట్రంలో 2022 ఆగస్టు నుంచి అబార్షన్‌కు అనుమతి లేదు. ఆ గండం ఎప్పుడు వచ్చినట్టు లెక్క అని డాక్టర్లు వకీళ్లను అడిగే పరిస్థితిని నినాదంలో ఇమడ్చలేరు, పదహారేళ్ల పిల్లకు అది తెలిసే దారీ లేదు. రెండో సంగతి కూడా ఆలోచించండి. 2019 జనవరిలో ఇదే ప్రదర్శనకు వచ్చిన కెంటకీ కుర్రాళ్లు లింకన్ స్మారకం దగ్గర బస్సుల కోసం నిలబడి ఉన్నప్పుడు, వారిలో ఒకడు ఒక ఆదివాసీ పెద్దాయన ఎదుట నవ్వుతున్నట్టు కనిపించిన చిన్న వీడియో ఆధారంగా దేశమంతా ఆ పిల్లవాడికి శిక్ష వేసేసింది. నిడివి ఎక్కువ ఉన్న వీడియోలు వచ్చాక కథ అంత సులువుగా లేదని తేలింది. పరువు నష్టం దావాలలో సీఎన్ఎన్, వాషింగ్టన్ పోస్ట్ రాజీ చేసుకున్నాయి. అంతవరకు ఆ బాలుడు పడినది ఎవరు తిరిగి ఇస్తారు?

చట్టం చదివినామె:
నర్సుగారు చెప్పిన రెండో భయం నిజమైనదే కానీ, అది ఏ ప్రదర్శనకైనా వర్తిస్తుంది, ఈ ఒక్క ఉద్యమానికే కాదు. నాన్నగారి ప్రశ్నకు ఈ దేశపు కోర్టులు నేరుగా కాకపోయినా చుట్టుతిరిగి జవాబు చెబుతూనే ఉన్నాయి. 1965 డిసెంబరులో డి మోయిన్ నగరంలో వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని బడికి వెళ్లి సస్పెండైన మేరీ బెత్ టింకర్‌కు అప్పుడు పదమూడేళ్లు. ఆ భావాలు ఇంట్లో పెద్దల నుంచి వచ్చాయన్నది అందరికీ తెలిసిందే, అయినా 1969లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో పిల్లల పక్షం వహించింది. అంటే భావం ఎక్కడి నుంచి వచ్చిందని కోర్టు వెతకలేదు, బడి నడవడానికి గణనీయమైన భంగం కలిగిందా లేదా అనే చూసింది. 1984 నాటి సమాన ప్రవేశ చట్టం ప్రకారం, పాఠ్యేతర క్లబ్బులను అనుమతించే ప్రభుత్వ హైస్కూలు మతం, రాజకీయం చూసి ఒక క్లబ్బును మాత్రం ఆపకూడదు. అయితే క్లబ్బు పిల్లలదై ఉండాలి. ఇండియానాలోని నోబల్స్‌విల్‌లో 2021లో ఒక విద్యార్థిని పెట్టిన ప్రో-లైఫ్ క్లబ్బుకు, రాజకీయ నినాదమున్న కరపత్రం విషయంలో తల్లి కూడా వచ్చి బడివారితో వాదించాక, ప్రిన్సిపాల్ అనుమతి ఉపసంహరించారు. దానిపై వేసిన దావాలో కోర్టులు బడినే సమర్థించాయి.

నాకు వీటన్నిటి కంటే కాలిఫోర్నియాలోని రాక్లిన్ ఉదంతం ఎక్కువ చెబుతుంది. 2018 మార్చిలో తుపాకుల హింసకు వ్యతిరేకంగా దేశవ్యాప్తంగా పిల్లలు తరగతులు వదిలి బయటికి వచ్చినప్పుడు, అబార్షన్‌కు వ్యతిరేకంగా బయటికి వస్తే కూడా బడి ఇలాగే ఊరుకుంటుందా అని తరగతిలో చర్చ పెట్టిన ఒక చరిత్ర టీచరును జీతంతో కూడిన సెలవుపై పంపారు. ఆ మరుసటి నెలలోనే ఆ బడి విద్యార్థి ఒకరు నిజంగానే అలాంటి ప్రదర్శన నిర్వహించారు. మనకు నచ్చిన మాట చెబితే పిల్లల్లో చైతన్యం వచ్చిందనీ, నచ్చనిది చెబితే ఎవరో చెవిలో ఊదారనీ అనుకోవడం బడులకే పరిమితమైన జబ్బు కాదు.

రిటైర్డు మాస్టారు, తెనాలి:
1969లో తెలంగాణలో, 1972లో మా వైపు జై ఆంధ్రలో చదువులు వదిలి రోడ్డెక్కిన పిల్లలను దగ్గరగా చూసినవాణ్ణి. వారి ఆవేశం అబద్ధం కాదు. కానీ ఒప్పందాలు కుదుర్చుకునే గదిలోకి వారిని ఎవరూ పిలవలేదు.

ఒకప్పటి క్లబ్బు సభ్యురాలు:
నేను రెండేళ్లు ఇలాంటి క్లబ్బులోనే ఉన్నాను, ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాను. అక్కడ నేనొక్కదాన్నే భారతీయ అమ్మాయిని కావడం వల్ల ఆడపిండాల హత్య గురించి నన్నే మాట్లాడమనేవారు. లింగం ఆధారంగా చేసే అబార్షన్లను నిషేధిస్తూ 2011లో అరిజోనా చేసిన చట్టాన్ని చూపించి, మీ దేశం కోసమే ఇది అన్నట్టు చెప్పేవారు. ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసిందేమిటంటే, భారత్‌లో 1994 చట్టం ఆపింది లింగ నిర్ధారణ పరీక్షలనే, అబార్షన్‌ను 1971 నాటి చట్టమే నిబంధనలతో అనుమతిస్తోంది. ఆ తేడా చెబితే క్లబ్బులో ఎవరికీ రుచించలేదు. నేను బయటికి వచ్చింది అందుకు కాదు, నా అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మారలేదు. నా ముఖం వారికి పనికివచ్చినంతగా నా మాట పనికిరాలేదని అనిపించి వచ్చేశాను. అంకుల్, సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: క్లబ్బులో తను ఎప్పుడైనా కాదని అన్నదా, అంటే ఏం జరిగింది?

ఫెయిర్‌ఫాక్స్ నాన్న:
అడిగానమ్మా. అత్యాచారానికి గురైన ఆడపిల్ల విషయంలో తనకు వారితో ఏకీభావం లేదని, ఆ మాట రెండుసార్లు చెప్పినా క్లబ్బులో ఎవరూ వెళ్లిపొమ్మనలేదని చెప్పింది. అక్కడితో ఆగకుండా నన్నే నిలదీసింది. ఎనిమిదో తరగతిలో వాతావరణ మార్పు ప్రదర్శనకు వెళ్తానన్నప్పుడు కారులో నువ్వే దించావు కదా, అప్పుడు ఇది నీ అభిప్రాయమేనా అని ఎందుకు అడగలేదు అంది. చట్టం చదివినామె చెప్పిన జబ్బు నాకూ ఉందని ఒప్పుకోక తప్పలేదు. చర్చి బస్సు వద్దని, వియెన్నా స్టేషన్‌లో మెట్రో ఎక్కి ఇద్దరం కలిసి వెళ్లాలని, ప్లకార్డు మీద మాట తనే రాసుకోవాలని ఒప్పందం కుదిరింది. రాసిన మాటతో నేను ఏకీభవించను, అయినా అట్టముక్క పట్టుకోవడంలో సాయం చేస్తాను.

డల్లాస్ నర్సు:
వెళ్లండి. నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆమె ముఖం కనిపించే ఫోటో ఎక్కడా పెట్టకండి, వాట్సాప్‌లో బంధువులకు కూడా పంపకండి.