పాత హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 చైన్ సా (పెట్రోల్ ఇంజిన్‌తో నడిచే రంపం) దొరికింది, స్పార్క్ రావట్లేదు. రంగు వేయాలా వద్దా?

హిల్స్‌బరో_కుర్రోడు:
అందరికీ నమస్తే అండి. నేను ఒరెగాన్‌లో హిల్స్‌బరోలో ఉంటా. మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, గరాజ్ ఖాళీ చేస్తుంటే రెండు శనివారాలు సాయం చేశా. ఆయన వయసులో ఉన్నప్పుడు కోస్ట్ రేంజ్ అడవుల్లో చెట్లు కొట్టే పనిలో ఉండేవాడంట. ఆఖర్న పై అర మీంచి ఒక చైన్ సా దించి, నువ్వయితే పారెయ్యవు, తీస్కో అని చేతిలో పెట్టేశాడు. చూస్తే హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12. 1963లో వచ్చిన మోడల్, 54 సీసీ, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ), చైన్ తీసేస్తే 12 పౌండ్ల దాకా ఉంటది, ఆ రోజుల్లో అంత తేలిక సా అంటే పెద్ద విషయమే.

పరిస్థితి ఏంటంటే ట్యాంకులో పాత పెట్రోల్ బెల్లప్పాకంలా జిగురు కట్టింది, పైపు ముట్టుకుంటే పొడి అయిపోయింది. తాడు లాగితే మాత్రం బిగువుగా ఉంది. ప్లగ్ తీసి బాడీకి ఆనించి లాగా, స్పార్క్ అస్సలు లేదు, ప్లగ్ కొత్తది వేసినా అంతే. ఇంజిన్ల సంగతి నాకు తెల్సిందల్లా చిన్నప్పుడు మా బాబాయితో కలిసి బజాజ్ చేతక్ విప్పడం, అంతవరకే.

రెండో డౌటు రంగు గురించి. పట్టుకునే చోట ఆయన చెయ్యి రాపిడికి రంగు పోయి లోహం మెరుస్తోంది, కవర్ మీద మేకుతో గీకిన ఆయన పేరు పొడి అక్షరాలు ఉన్నాయి. మొత్తం గీకేసి కొత్తగా రంగు కొట్టమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నాకేమో మనసు ఒప్పట్లేదు. మీరేమంటారు?

టకోమా_పాతసామాన్లు:
తమ్ముడూ ముందు శుభాకాంక్షలు, మొదటి సా ఇలా చేతికి రావడం అదృష్టం. నా దగ్గర పద్నాలుగు ఉన్నాయి, అందులో మూడు ఎక్స్‌ఎల్-12లే, కాబట్టి దీని గురించి కాస్త చెప్పగలను.

చేతక్ విప్పావంటే సగం పని వచ్చినట్టే, ఎందుకంటే ఇది కూడా టూ స్ట్రోకే, ఇందులో కూడా స్పార్క్ పుట్టించేది పాయింట్లూ (కరెంట్‌ని కలిపి తెంచే చిన్న స్విచ్) కండెన్సరే. తాడు వైపు కవర్ తీస్తే ఫ్లైవీల్ (రెక్కలున్న చక్రం) కనిపిస్తది, పాయింట్లు దాని కింద చిన్న డబ్బాలో ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే పాయింట్ల మొహాల మీద పల్చటి పొర పట్టేసి కరెంట్ పోనివ్వదు, పదిట్లో ఎనిమిది సార్లు స్పార్క్ రాకపోడానికి నేను చూసిన కారణం ఇదే. నున్నటి ఎమరీ పేపర్ చిన్న ముక్క మధ్యలో పెట్టి రెండు మూడుసార్లు లాగు, ఎక్కువ రుద్దకు, తర్వాత విజిటింగ్ కార్డ్ లాంటి అట్టముక్కని స్పిరిట్‌లో తడిపి అదే సందులో లాగు, ఎమరీ పొడి పోవాలి, ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, మళ్ళీ స్పార్క్ లేదని కాయిల్ కొంటారు. ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకు) పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం పెట్టు. అప్పటికీ రాకపోతే కండెన్సర్, ఆ తర్వాతే కాయిల్.

ఫ్లైవీల్‌ని మాత్రం సుత్తితో కొట్టి తీయకు, స్క్రూడ్రైవర్‌తో సందులో పెట్టి తన్నకు. రెక్కలు విరిగితే మళ్ళీ దొరకవు. పుల్లర్ వాడు. నట్ విప్పేటప్పుడు పిస్టన్ తిరక్కుండా ప్లగ్ రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు కుక్కి ఆపు, ఇనప ముక్క పెడితే పిస్టన్ తలకి దెబ్బ.

ఇంకా ఏమీ ముట్టుకోకముందు సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి పిస్టన్ చూడు. నున్నగా ఉంటే డబ్బు పెట్టొచ్చు, నిలువు గీతలు లోతుగా ఉంటే ఒకసారి ఆలోచించాలి. తాడు పిడి పట్టుకుని సా మొత్తాన్ని గాల్లో వేలాడదీసినా ఒక అంచనా వస్తది, మెట్టు మెట్టుగా ఆగి ఆగి దిగితే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) ఉన్నట్టు, జర్రున జారిపోతే లేనట్టు. గేజ్ ఉంటే 120 పీఎస్‌ఐ దాటితే చాలు నాకు.

పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ దగ్గర మాత్రం చేతక్ లెక్క పనికిరాదు. చేతక్‌లో ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డి) ఉంటది, బండి పడిపోతే పెట్రోల్ కారేది గుర్తుందా. సాని అడ్డంగా, తలకిందులుగా ఎలాగైనా పట్టుకుని కోయాలి కదా, అందుకే ఇందులో ఫ్లోట్ లేదు, డయాఫ్రమ్‌లు అనే పల్చటి పొరలు ఉంటాయి, క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి మారినప్పుడల్లా ఒకటి గుండెలా కొట్టుకుని పెట్రోల్ లాగుతుంది. అది గట్టిపడి అప్పడంలా అయిపోయుంటది, టిలాట్‌సన్ హెచ్‌ఎస్ (ఈ కార్బురేటర్ పేరు) కిట్ అని అడుగు, ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. పెట్రోల్ పైపు, ట్యాంకులో ఫిల్టర్, ట్యాంకుకి గాలి ఇచ్చే డక్‌బిల్ వాల్వ్ కూడా మార్చెయ్. ఆ డక్‌బిల్ మూసుకుపోతే రెండు నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది, నేను ఒక వేసవి మొత్తం కార్బురేటర్ని అనుమానించా, చివరికి చూస్తే ఆ చిన్న రబ్బరు ముక్క.

ఆయిల్ నిష్పత్తి: పాత స్టిక్కర్ మీద 16:1 (16 వంతుల పెట్రోల్‌కి 1 వంతు ఆయిల్) అని ఉండొచ్చు, అది ఆ కాలపు మామూలు ఆయిల్‌కి. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో నేను 32:1 పోస్తా, గాలన్‌కి 4 ఔన్సులు. ఎథనాల్ లేని పెట్రోలే పొయ్యి.

రంగు సంగతి, దయచేసి వేయకు. ఆ చెయ్యి అరిగిన గుర్తు నువ్వు మళ్ళీ తయారు చేయలేవు.

డల్లాస్_రావు:
రంగు విషయంలో అన్నగారితో నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ కేసింగ్ మెగ్నీషియం, రంగు పోయిన చోట తెల్లటి పొడి పట్టి గుంటలు పడుతుంది, ఒరెగాన్ తేమలో ఇంకా తొందరగా. నేనైతే అరిగిన పిడి, ఆ అక్షరాలు ఉన్న కవర్ అలాగే ఉంచి పల్చటి మైనం పూత వేస్తా, గుంటలు పడ్డ చోట మాత్రం ప్రైమర్ రంగు. ఇంకోటి, శుభ్రం చేయడానికి యాసిడ్ ఉన్న క్లీనర్లు వాడకండి, లోహాన్ని తినేస్తాయి, గ్రైండర్ అయితే అసలే వద్దు, మెగ్నీషియం పొడికి నిప్పు అంటుకుంటే నీళ్ళతో ఆరదు. సబ్బునీళ్ళు, కిరసనాయిలు, పాత టూత్ బ్రష్, ఓపిక చాలు.

అడితి_అబ్బాయి_రాజమండ్రి:
ఈ థ్రెడ్ చదువుతుంటే మా అడితి గుర్తొచ్చిందండి. తాతగారి కాలంలో ఒకడు పైన ఒకడు కింద నిలబడి దుంగని రంపంతో కోసేవారు, నాన్నగారు స్టిల్ 070 కొన్నారు, 106 సీసీ, 1959లో వచ్చిన కాంట్రా వంశం అది, చింత మొద్దు అయినా వెనక్కి తగ్గదు. ఇప్పటికీ నడుస్తోంది. మాకు ఇక్కడ తలనొప్పి పెట్రోలే, బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్) కదా, పాత రబ్బరు ఉబ్బిపోతోంది, ట్యాంకులో మిగిలింది తడి లాగేస్తోంది, అందుకని పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ ఆగిపోయే వరకు వదిలేస్తాం. మీరూ అదే అలవాటు చేసుకోండి.

అసలు నేను రాసింది వేరే దానికి. మా 070కి గానీ మీ ఎక్స్‌ఎల్-12కి గానీ చైన్ బ్రేక్ (సా ఎగిరితే చైన్‌ని టక్కున ఆపేది) లేదు. బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలితే సా మొహం మీదికి లేస్తుంది, దాన్నే కిక్‌బ్యాక్ అంటారు, రెప్పపాటు కూడా పట్టదు. మా దగ్గర పనిచేసిన ఒకాయనకి బుజం మీద కుట్లు పడ్డాయి, నేను కళ్ళారా చూశాను. నడిపించి మురిసిపోండి, ప్రదర్శనకి నాలుగు ముక్కలు కోయండి, రోజువారీ కట్టెలకి మాత్రం బ్రేకున్న సా కొనుక్కోండి. కిక్‌బ్యాక్ తక్కువుండే చైన్ వేయండి, ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి పట్టుకోండి, కాళ్ళకి చాప్స్ (చైన్ తగిలినా కోసుకోకుండా కాపాడే తొడుగులు), చెవులకి మఫ్‌లు లేకుండా తాడు ముట్టుకోవద్దు.

హిల్స్‌బరో_కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్ అండి. అప్‌డేట్: పిస్టన్ అద్దంలా ఉంది. పాయింట్లు అన్న చెప్పినట్టే ఎమరీ, తర్వాత స్పిరిట్ అట్ట, గ్యాప్ 0.015, లాగితే నీలం స్పార్క్! కాయిల్ కొనే డబ్బులు మిగిలాయి. కిట్ నిన్న వచ్చింది, పైపులు మార్చా, ఆరో లాగుడికి అందుకుంది, పొగ, ఆ వాసన, మా వీధి మొత్తానికి వినిపించింది. పెద్దాయన పెట్టెలు సర్దుకుంటూ బయటికొచ్చి ఏమీ మాట్లాడకుండా చేత్తో సైగ చేశాడు, కార్బురేటర్ మీదున్న ఎల్ స్క్రూ (తక్కువ వేగంలో పెట్రోల్ సర్దేది) ఇంకొంచెం విప్పమని. విప్పితే నిజంగానే ఐడిల్ కుదిరింది. రంగు వేయట్లేదు, మైనం పూస్తా, గుంటలు రెండే ఉన్నాయి.

ఒక్కటే మిగిలింది, బొటనవేలితో బటన్ నొక్కితే బార్‌కి ఆయిల్ రావట్లేదు. చైన్ కూడా మొద్దుబారింది, ఏ సైజు ఆకురాయి కొనాలి?

టకోమా_పాతసామాన్లు:
చూశావా, ఆయన చెవి చాలు ట్యూనింగ్‌కి. ఆయన వెళ్ళేలోపు ఇంకో గంట పక్కన కూర్చోబెట్టుకో, ఏ చెట్టుకి ఎలా కోత పెట్టేవాడో అడుగు.

ఆయిల్ పాతది గట్టిపడి దారి మూసుకుపోయి ఉంటది. ట్యాంకులో కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచి బటన్ నొక్కుతూ ఉండు, బార్ తీసి అది ఆనే చోట ఉన్న రంధ్రం, బార్ గాడి సన్న తీగతో శుభ్రం చెయ్. అప్పటికీ రాకపోతే పంపు ఓ-రింగ్.

ఆకురాయి కొనే ముందు చైన్ పిచ్ (చైన్ సైజు) కొలుచుకో, అంటే వరుసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం. ముప్పావు అంగుళం వస్తే పిచ్ 3/8, దానికి 7/32 గుండ్రటి ఆకురాయి. లోపల్నుంచి బయటికి ఒకే వైపు తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి, ప్రతి పంటికీ అన్నే తోపులు. ఒకవైపు పళ్ళు పొట్టిగా అయితే కోత వంకర పోతుంది. ఈ పంటి రూపం మీ దగ్గర్లోనే పుట్టింది తెల్సా, 1946లో జోసెఫ్ కాక్స్ అని ఒక చెట్లు కొట్టే ఆయన, మోడులో పురుగు పిల్ల కుడికీ ఎడమకీ కొరుక్కుంటూ పోవడం చూసి దాని దవడల్లాగే పళ్ళు చేశాడు, తర్వాతేడు పోర్ట్‌లాండ్‌లో కంపెనీ పెట్టి అమ్మాడు. నీ చైన్‌లో కూడా ఒక పన్ను కుడికీ ఒక పన్ను ఎడమకీ ఉంటది, అందుకే ముందు ఒక వైపువి అన్నీ అయ్యాక సాని తిప్పి రెండో వైపువి పట్టు. మొదటి పన్ను మీద మార్కర్ గీత పెట్టుకో.