కూరగాయలు, పండ్ల రవాణాకు మడత చెక్కపెట్టె: రెండో పొడవు గోడ పడుకోవడం లేదు

మడతపిచ్చి:
నమస్కారం. మా సరుకు పెట్టెలు నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగి వస్తాయి. ఖాళీ పెట్టె కూడా నిండు పెట్టె అంత చోటు తింటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో మేము మోయిస్తున్నది గాలినే. అందుకని మడిచి పేర్చగలిగే పెట్టె ఒకటి గీశాను. అడుగు 600 × 400 మిల్లీమీటర్లు, మొత్తం ఎత్తు 300. అడుగు పలక 12 మి.మీ., గోడలు 9 మి.మీ. ప్లైవుడ్. నాలుగు గోడలకూ కింద బందులు వేసి లోపలికి మడవాలని ఆలోచన. ముందుగా అట్టతో నమూనా చేసి చూశాను. పొట్టి గోడలు రెండూ చక్కగా పడుకున్నాయి. పొడవు గోడల్లో మొదటిది పడుకుంది, రెండోది మాత్రం దాని మీదికెక్కి నిక్కుతోంది. ఎత్తు తగ్గించడం తప్ప దారి లేదా?

లెక్కల మనిషి:
ఎత్తు తగ్గించనక్కరలేదు. బందును పైకి ఎత్తండి.

మీ కొలతలే తీసుకుందాం. అడుగు పలక మందం పోగా గోడ ఎత్తు 288. పొట్టి గోడలు పడుకునే దిశలో లోపలి దూరం 582. రెండు 288లు కలిపితే 576, కనుక రెండూ ఒకే వరుసలో పడుకుని మధ్యలో 6 మి.మీ. సందు కూడా మిగిలింది. పొడవు గోడలు పడుకునే దిశలో లోపలి దూరం 382 మాత్రమే. అక్కడ రెండు 288లు ఎలాగూ పట్టవు, ఒకదాని మీద ఒకటి పడుకోవలసిందే. అంటే మూడు అంతస్తులు కావాలి: అన్నింటికన్నా కింద పొట్టి గోడలు, వాటి మీద ఒక పొడవు గోడ, దాని మీద రెండోది.

మొదటి పొడవు గోడ కింద 11 మి.మీ. ఎత్తున్న పట్టీని అడుగు పలకకు శాశ్వతంగా బిగించండి. రెండోదాని కింద 22 మి.మీ. పట్టీ పెట్టండి. గోడలు ఈ పట్టీల మీద నిలబడతాయి, బందు పట్టీ పై అంచున ఉంటుంది. పట్టీ ఎంత ఎత్తుంటే గోడను అంత కోయాలి, లేకపోతే పై అంచులు సమంగా రావు. గోడ మందం 9 అయితే 11 ఎందుకంటే, ఆ 2 మి.మీ. దుమ్ముకూ చెక్క ఉబ్బుకూ వదిలింది. మడిచిన ఎత్తు 12 + 22 + 9, అంటే 43 మి.మీ. వస్తుంది, విప్పిన పెట్టెలో ఏడో వంతు.

మడతపిచ్చి:
ఇంత తేలికా! ఆ పట్టీలకు నేను గడపలని పేరు పెట్టేశాను. చిన్న గడప, పెద్ద గడప.

సరుకు గుమాస్తా:
600 × 400 మంచి ఎంపిక. 1200 × 1000 ప్యాలెట్ (సరుకు పేర్చి ఎత్తే చదునైన దిమ్మె) మీద వరుసకు ఐదు, 1200 × 800 మీద నాలుగు, అంగుళం వృథా కాకుండా కూర్చుంటాయి. ఆరు వరుసలు పేరిస్తే పెద్ద ప్యాలెట్ మీద 30 నిండు పెట్టెలు. అదే ఎత్తులో మడిచినవి 200 పడతాయి. ఆరున్నర ప్యాలెట్ల ఖాళీ పెట్టెలు ఒకే ప్యాలెట్ మీద తిరిగి వస్తాయన్నమాట. అయితే ఈ లెక్క నిలవాలంటే అవతలివాళ్లు పెట్టెలను మడవాలి. మడవకుండా విసిరేస్తే మీ గడపలు గడపల్లాగే ఉండిపోతాయి.

పాత ఉలి:
అందరూ మడత గురించే మాట్లాడుతున్నారు. పెట్టె పడుకునే సమయం కన్నా నిలబడి బరువు మోసే సమయమే దాని బతుకులో ఎక్కువ కష్టం. ముప్ఫై ఏళ్లుగా చెక్కపని చేస్తున్నాను. మడత పెట్టెలు విరగడం చాలా చూశాను గానీ గోడ మధ్యలో విరిగినది ఒక్కటీ చూడలేదు. అన్నీ బందు దగ్గరే ఊడాయి.

కారణం చెబుతాను. గోడ కింది అంచుకూ గడపకూ మధ్య వెంట్రుకవాసి సందు మిగిలినా పైనుంచి వచ్చే బరువు చెక్కకు చెక్కగా దిగదు, బందు ముల్లులోంచి స్క్రూల మీదికి పోతుంది. బందు పని తిప్పడం, మోయడం కాదు. బందును బిగించే ముందు గోడను గడప మీద ఆనించి, పైన ఒక రాయి పెట్టి, అప్పుడు రంధ్రాలు గుర్తు పెట్టుకోండి. ఇంకో మాట, 9 మి.మీ. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దించకండి. పొరల మధ్యకు దిగి వాటిని విడదీస్తుంది. మేకైనా అంతే. గట్టి చెక్కలో కూడా నార చివర ఉన్న ముఖంలోకి కొట్టిన మేకు పట్టు తక్కువ. బందు రెక్కను పలక ముఖం మీద పెట్టి, ఆ పక్క నుంచి ఈ పక్కకు రివిట్ వేయండి.

లెక్కల మనిషి:
పాత ఉలి గారి మాటకు అంకెలు చేరుస్తాను. పెట్టెతో కలిపి 22 కిలోలు అనుకుంటే ఆరు వరుసల దొంతరలో అడుగు పెట్టె మీద 110 కిలోలు ఉంటుంది. గుంతల దారిలో కుదుపులు, రోజుల తరబడి నిలబడటం, తేమ కలుపుకొని నేనైతే దానికి మూడింతలు, అంటే 330 కిలోలకు చూస్తాను. ఈ బరువుకు చెక్క నలగదు, ఆ భయం వద్దు. పెట్టె మూలమట్టం తప్పి పక్కకు ఒరగడమే అసలు ప్రమాదం. బందులున్న పెట్టెను మూలమట్టంగా నిలబెట్టేది పొట్టి గోడలు ఒక్కటే.

పచ్చిచెక్క:
ప్లైవుడ్ ఎందుకు, మామూలు పలకలు చాలవా అని అడిగేవాళ్ల కోసం నా అనుభవం రాస్తున్నాను. బందులే వద్దనుకుని, గాడిలోకి జారే పలకలతో విడదీసే పెట్టె చేశాను. ఆరిన చెక్క, 150 మి.మీ. వెడల్పు పలకలు, గాడిలో ఒక్క మిల్లీమీటరు వదులు. చేసిన రోజు వెన్నలా జారాయి. తడి కూరగాయలతో రెండు ప్రయాణాలు చేశాక సుత్తితో కొట్టినా కదల్లేదు.

తరవాత లెక్క వేసుకున్నాను. తేమ 12 శాతం నుంచి 20 శాతానికి పెరిగితే మెత్తజాతి చెక్క నారకు అడ్డంగా సుమారు 2 శాతం ఉబ్బుతుంది. 150కి 3 మి.మీ. నేను వదిలింది ఒకటి. నార పొడవునా అయితే పెరుగుదల లెక్కలోకి రానంత తక్కువ. అంటే కొలత తప్పకూడని దిశలో నారను పెట్టుకోవాలి, ఉబ్బే దిశలో చోటు వదలాలి. ప్లైవుడ్‌లో పొరలు అడ్డదిడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి ఈ తంటా చాలావరకు ఉండదు. జిగురు మాత్రం తడికి ఆగే రకమై ఉండాలి.

విడిపోయే పెట్టెకు ఇంకో శాపం కూడా ఉంది. ఐదు ముక్కలు పంపిస్తే నాలుగు తిరిగి వస్తాయి. నా దగ్గర ఇప్పటికీ పదకొండు అడుగు పలకలు ఉన్నాయి, వాటికి గోడలు ఏ ఊళ్లో ఉన్నాయో తెలియదు.

బరువు మోసేవాణ్ణి:
పెట్టెలు గీసేవాళ్లు రోజుకు మూడు వందల పెట్టెలు ఎత్తి దించి చూడాలని నా కోరిక. ఎత్తేవాడి వైపు నుంచి మూడు విషయాలు.

చేతిపట్టు రంధ్రం నాలుగు వేళ్లూ చేతి తొడుగుతో సహా దూరేలా ఉండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి. పేడు గుచ్చుకున్న చేత్తో పనిచేసేవాడు రెండో పెట్టెను దించడు, పడేస్తాడు. రంధ్రం గోడ పై అంచుకు మరీ దగ్గరగా ఉంటే పైన మిగిలిన సన్నటి పట్టీ మొదటి నెలలోనే ఊడిపోతుంది.

ఏ గోడ ముందు మడవాలో కనబడాలి. మీ పెట్టెలో పెద్ద గడప గోడను ముందు పడుకోబెట్టి, మిగతావాటిని దాని మీదికి బలవంతంగా తొక్కితే బందులు అక్కడికక్కడే వంగిపోతాయి. మా దగ్గర అదే జరిగింది, కాలితో తొక్కారు. గోడల అంచులకు 1, 2, 3 అని రంగు అంకెలు వేయండి. చదువుతో పని లేకుండా చుక్కలైనా చాలు.

మూడోది బరువు. మనిషి ఎత్తడానికి అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు 23 కిలోలు హద్దు అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ ఇచ్చిన ఎత్తుడు సూత్రం చెబుతుంది. వంగి ఎత్తాలన్నా, ఒళ్లు తిప్పాలన్నా అది ఇంకా తగ్గుతుంది. ఖాళీ పెట్టె ఎంత?

మడతపిచ్చి:
పోప్లర్ అనే తేలిక చెక్క ప్లైవుడ్‌తో చేస్తే బందులతో కలిపి నాలుగున్నర కిలోల దగ్గర వస్తోంది. కాబట్టి సరుకు 18 మించకూడదు. చుక్కల ఆలోచన అద్భుతం.

దారిన పోయేవాణ్ణి:
ప్లాస్టిక్ మడత పెట్టెలు దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకు?

పాత ఉలి:
ప్లాస్టిక్ గోడ పగిలితే పెట్టె మొత్తం పారేస్తారు. చెక్క గోడ విరిగితే అరగంటలో ఇంకో గోడ వేస్తాను.

చల్లగది:
నేను శీతల గిడ్డంగిలో పనిచేస్తాను. దారిన పోయేవారి ప్రశ్నను అంత తేలిగ్గా తీసేయకండి. ప్లాస్టిక్‌ను వేడి నీళ్లతో కడిగి ఐదు నిమిషాల్లో మళ్లీ వాడవచ్చు. చెక్క నీళ్లు తాగుతుంది. దాని సంగతి తెలిసి వాడాలి.

మడత పెట్టెలతో మాకు ఎదురైన అసలు తలనొప్పి బూజు. చల్లటి గది నుంచి బయటికి తెచ్చిన పెట్టె మీద చెమట పడుతుంది. దాన్ని అలాగే మడిచి, నలభై వరుసలు పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ పొర చుట్టి పంపుతారు. పలక మీద పలక అతుక్కుని గాలి చొరబడదు. వారం తరవాత విప్పితే లోపలంతా నల్లటి మచ్చలు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజుకు బలం ఉండదు. కనుక మడిచినప్పుడు కూడా పలకల మధ్య కాస్త గాలి ఆడేలా చూడండి. లెక్కల మనిషి గారు వదిలిన ఆ 2 మి.మీ. సందు దుమ్ముకే కాదు, దీనికీ పనికివస్తుంది. గోడ లోపలి వైపు చిన్న బొడిపెలు నాలుగు పెడితే ఆ సందు పూడుకుపోదు.

గాలి రంధ్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. గాలిని ఊది సరుకును చల్లబరిచే చోట గోడ వైశాల్యంలో కనీసం 5 శాతం తెరిచి ఉంచాలన్నది మేము పాటించే లెక్క. రంధ్రాల మొత్తం కన్నా అవి ఎక్కడున్నాయన్నది ముఖ్యం. పక్క పెట్టె రంధ్రానికి ఎదురుగా చెక్క వస్తే ఆ రంధ్రం లేనట్టే. ప్యాలెట్ మీద పెట్టెలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కూర్చుంటాయి, కాబట్టి పొడవు గోడ రంధ్రాలు పొట్టి గోడ రంధ్రాలకు కూడా ఎదురుపడేలా గీయండి. మూలల దగ్గర మాత్రం కోయకండి, బరువు దిగేది అక్కడే.

పూత పూయాలనుకుంటే వాసన లేనిది చూసుకోండి. చెదలు రాకుండా మందు పట్టించిన చెక్కను తిండి వస్తువుల దగ్గరికి తేకండి. జిగురు కారే పైన్ చెక్క వాసన మెత్తటి పండ్లకు పట్టుకుంటుంది.

సరుకు గుమాస్తా:
దేశం దాటే ఆలోచన ఉంటే ఇంకో ముడి. మొక్కల తెగుళ్లు చెక్కతో పాటు ప్రయాణించకుండా ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2002లో వచ్చింది. మామూలు చెక్క ప్యాకింగు అయితే బెరడు తీసి, చెక్క గుండెలో కూడా 56 డిగ్రీల సెల్సియస్ తగ్గకుండా 30 నిమిషాలు వేడి చేయాలి, లేదా ఆ ప్రమాణం ఒప్పుకున్న మరో పద్ధతి పాటించాలి. తరవాత గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర పడాలి. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు, తయారీలోనే వేడి, ఒత్తిడి, జిగురు తగిలి ఉంటాయి. 6 మి.మీ. లేదా అంతకన్నా పలుచని చెక్కకూ మినహాయింపు ఉంది.

అయితే మీ గడపలు మామూలు చెక్కతో చేస్తే పెట్టె మొత్తం మళ్లీ ఆ నిబంధన కిందికి వస్తుంది. పాత ఉలి గారి అరగంట మరమ్మతుకు కూడా పద్ధతి ఉంది. వేసే కొత్త ముక్క శుద్ధి చేసినదై ఉండాలి, దానికి దాని ముద్ర ఉండాలి. మూడో వంతు కన్నా ఎక్కువ మార్చారంటే పాత ముద్రలు చెరిపేసి మొత్తం పెట్టెను మళ్లీ శుద్ధి చేయించాలి. ఒకసారి సరిహద్దులో మా సరుకు రెండు పలకల వల్ల ఆగిపోయింది. మెత్తటి పండ్లు ఆ రెండు రోజులు ఆగలేదు.

పాత ఉలి:
అయితే గడపలు కూడా ప్లైవుడ్ పట్టీలతోనే చేయండి. పీడ పోతుంది.

మడతపిచ్చి:
మూడు వారాల తర్వాత వచ్చాను. నాలుగు పెట్టెలు చేశాను. ఒకటి విరిగింది, ఒకటి విరగ్గొట్టాను, రెండు మిగిలాయి.

ఇసుక సంచులతో 330 కిలోలు పెట్టాను. గోడలు నిక్షేపంగా ఉన్నాయి. కానీ పక్క నుంచి చేత్తో నెడితే పెట్టె ఊగింది, లెక్కల మనిషి గారు అన్నట్టే. పొట్టి గోడకూ పొడవు గోడకూ మధ్య నేను వదిలిన సందు ఎక్కువైంది. పొడవు గోడ లోపల నిలువు పట్టీ ఒకటి అంటించి, పొట్టి గోడ వచ్చి దానికి ఆనేలా చేశాక ఊగడం ఆగింది. ఆ పట్టీలు మడతలో అడ్డొచ్చాయి. గోడలు పడుకున్నప్పుడు అవి ఎక్కడ పడతాయో చూసుకుని కింది పలకల్లో గాళ్లు తీయాల్సి వచ్చింది. ఒక ఆదివారం అందులోనే పోయింది.

తరవాత 18 కిలోల ఇసుకతో నింపి నడుము ఎత్తు నుంచి మూల మీద పడేశాను. ఇనుప బందు ఒకటి రివిట్లతో సహా ఊడి వచ్చింది, చుట్టూ చెక్క చిరిగింది. పాత ఉలి గారూ, దీనికి మందేమిటి?

పాత ఉలి:
ఇనుప బందు మొండిది, దెబ్బ తగిలితే వంగదు, చెక్కనే చింపుతుంది. తీగ చుట్లు వేయండి. గోడలో రెండు రంధ్రాలు, గడపలో రెండు, వాటిలోంచి తుప్పు పట్టని తీగను వదులుగా చుట్టి ముడి వేయండి. గోడకు ఐదు చుట్లు చాలు. పలుచని చెక్క పట్టీలను తీగలతో కుట్టి, చదునుగా పంపి, వాడేచోట మడిచి పెట్టెగా చేసే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల నాటికే వాడుకలో ఉంది. పళ్లూ కూరగాయలూ అలాంటి తీగపెట్టెల్లో కోట్ల కొద్దీ తిరిగాయి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

బరువు మోసేవాణ్ణి:
తీగ చివరలు బయటికి పొడుచుకు రాకుండా చూడండి, దయచేసి. చేతులు మావి.

మడతపిచ్చి:
తీగ చుట్లతో మళ్లీ పడేశాను. మూడుసార్లు పడ్డాక ఒక చుట్టు సాగింది, చెక్క మాత్రం చిరగలేదు. సాగిన చుట్టును పటకారతో మళ్లీ బిగించడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తీగ చివరలను చెక్కలోకి వంచి దించేశాను. వదులుగా ఉండటం వల్ల గోడ గడప మీద తనంతట తానే ఆనుతోంది, రాయి పెట్టి గుర్తులు పెట్టుకునే పని కూడా తప్పింది.

ఇక గడియ ఒకటే మిగిలింది. పొట్టి గోడ నిలబడ్డాక లోపలికి పడకుండా పట్టేది కావాలి. సరుకు నిండితే అదే బయటికి నెట్టి పట్టుకుంటుంది, కానీ నింపే ముందు ఖాళీ పెట్టె చేతిలోనే కూలిపోతోంది. చెక్క చీలలు పెడితే పోతున్నాయి.

చల్లగది:
చీలను దారంతో పెట్టెకు కట్టేయండి. పోదు.

బరువు మోసేవాణ్ణి:
దారం తెంపేస్తారు. పై అంచున తిరిగే చిన్న చెక్క నాలుక పెట్టండి. కిటికీ రెక్కకు ఉండేలాంటిది, ఒక్క స్క్రూ మీద తిరుగుతుంది, చేతి తొడుగు తీయకుండా బొటనవేలితో తిప్పవచ్చు. గోడ మందంలోనే గూడు తీసి పెడితే మడిచినప్పుడు అడ్డం రాదు.

మడతపిచ్చి:
నాలుకను రేపు కోస్తాను. దానికి కూడా చుక్క పెట్టమంటారా?

బరువు మోసేవాణ్ణి:
ఎర్ర చుక్క పెట్టండి. తిప్పకుండా గోడను లాగేవాడు ప్రతి ముఠాలోనూ ఒకడు ఉంటాడు.